నాగయ్య ఇంటి ఎదురిల్లు

పోలీసు ఉద్యోగంలో నేను తుపాకీ పేల్చింది శిక్షణలో మాత్రమే. మిగతా సర్వీసంతా మనుషుల ఇళ్ల ముందు అరుగుల మీద, నులక మంచాల మీద, అవీ లేనిచోట బోర్లించిన బకెట్ల మీద కూర్చుని గడిపాను. కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్ఐగా బయటికొచ్చాను. మధ్యలో ఏ సీట్లో ఉన్నానో, నా ఫైలు ఎవరు తొక్కిపెట్టారో రాస్తే అదే ఒక పురాణమవుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. నా అసలు పని ఒక్కటే. అడవిలోకి వెళ్లినవాళ్ల తల్లుల దగ్గరికి వెళ్లి మాట్లాడటం.

ఈ మధ్య కొత్తగా చేరిన అమ్మాయిలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి తెర మీద పేదరికం, నిరుద్యోగం, అవమానం, సిద్ధాంతం అని రాసి వాటి మధ్య బాణం గుర్తులు గీసి చూపించాడు. ఆఖరి బాణం చివర తుపాకీ బొమ్మ ఉంది. అది తప్పని నేననను. కానీ నాకు తెలిసిన మార్తమ్మకు ముగ్గురు కొడుకులు. ముగ్గురూ తాగింది ఒకే గంజి, పడుకున్నది ఒకే చాప మీద. ఒకడు లారీ నడిపాడు, ఒకడు సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి వెళ్లాడు, నడిపివాడు దానియేలు ఒక్కడే తుపాకీ పట్టాడు. ఆ బాణం ముగ్గురిలో వాడి వైపే ఎందుకు తిరిగిందో ఆ తెర మీద లేదు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. అందుకని అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

బూట్లు చూసి పలకరించిన మనిషి

మార్తమ్మ ఊరు చిల్లకల్లుకు దగ్గర్లో, హైదరాబాదు రోడ్డును ఆనుకుని ఉంటుంది. నేను చేరిన కొత్తలో మా చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ కలిపి ఆడ కానిస్టేబుళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి. సోదాకు వెళ్లినచోట ఆడవాళ్లుంటారు కాబట్టి మమ్మల్ని వెంటబెట్టుకెళ్లేవారు. అలా దానియేలు కోసం వాళ్లింటికి వెళ్లినప్పుడు మావాళ్లు ట్రంకుపెట్టె తిరగేస్తుంటే నేను మార్తమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమ్మాయ్, నీకు పెళ్లయిందా?"

"లేదు పిన్నీ."

"ఈ బూట్లేసుకుని తిరిగితే ఎవుడు చేసుకుంటాడు నిన్ను?"

మా ఎస్ఐ పెట్టెలోంచి తలెత్తి చూశాడు. ఆ ఇంట్లో మాతో ఎవరైనా మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడటం అదే మొదలు. "నీతో మాట్లాడుతోంది కదా, ఇకనుంచి నువ్వే వెళ్లు" అన్నాడాయన. అలా ఆ పని నా నెత్తిన పడింది. పెళ్లి సంగతి తర్వాత కుదిరింది లెండి, బూట్ల వల్ల ఏ నష్టమూ జరగలేదు.

దానియేలు ఎందుకు వెళ్లాడో మార్తమ్మే చెప్పింది. జగ్గయ్యపేటలో కాలేజీకి వెళ్లేటప్పుడు వాడికొక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా. ఆ కుర్రాడు ముందు అడవిలోకి వెళ్లాడు, కాల్పుల్లో చనిపోయాడు. ఆ కబురు తెలిసిన రోజు దానియేలు పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాడు. సిద్ధాంతం తర్వాత ఎప్పుడో చదువుకుని ఉంటాడు. నేను చూసినంతలో చాలామంది ఒక మనిషి కోసమే లోపలికి వెళ్లారు. బయటికి వస్తే కూడా ఒక మనిషి కోసమే వచ్చారు. ఈ ఉద్యోగంలో ముందు తెలుసుకోవాల్సింది ఆ మనిషి ఎవరన్నది.

జీపులో లిఫ్టు

ఆ ఊళ్లోనే నాగయ్య అని తలారి ఉండేవాడు. పంచాయతీ కబుర్లు చాటింపు వేయడం, రెవెన్యూ వాళ్లొస్తే పొలాల హద్దులు చూపించడం ఆయన పని. ఆయన భార్య కోటమ్మా, మార్తమ్మా మిరపకోత ముఠాలో జత. పక్కపక్క సాళ్లలో కోస్తూ, ఒకరు వెనకబడితే రెండోవాళ్లు ఆ చెట్టు కూడా కోసి కలుపుకుని పోయేవాళ్లు. ఒకరినొకరు వదినా అనుకునేవాళ్లు. దానియేలు నాగయ్యను మావయ్యా అంటూ ఆయన భుజాల మీద పెరిగాడు.

ఎండాకాలం ఒకరోజు నాగయ్య ఏదో పనిమీద జగ్గయ్యపేటకు నడిచి వెళ్తున్నాడు. అటే వస్తున్న ఒక ఎస్ఐ, మంచి మనిషి, ముసలాయన ఎండలో నడుస్తున్నాడని జీపు ఆపి ఎక్కించుకున్నాడు. బస్టాండు ముందు దింపాడు. జరిగింది అంతే. వాళ్లిద్దరూ దారిలో మాట్లాడుకున్నది ఆ ఏడాది మామిడి కాపు గురించి అని ఆ ఎస్ఐ నాకు తర్వాత చెప్పాడు, చెబుతూ చెబుతూ గోడవైపు తిరిగిపోయాడు. కొన్నాళ్లకే దళం వచ్చి నాగయ్యను ఊరి బయటకు తీసుకెళ్లి చంపేసింది. ఇన్‌ఫార్మర్ అని ఆయన చొక్కా మీద కాగితం పెట్టి వెళ్లారు. ఆయన జన్మలో మాకు ఒక్క కబురు చెప్పలేదు. చెప్పడానికి ఆయనకు ఏదైనా తెలిస్తే కదా.

వచ్చినవాళ్లలో దానియేలు ఉన్నాడని కొందరన్నారు, లేడని కొందరన్నారు. ఎవరూ కళ్లారా చూడలేదు. కోటమ్మ మార్తమ్మతో మాట్లాడటం మానేసింది. ముఠాలో ఇద్దరూ వెళ్తూనే ఉన్నారు, కూలి మానుకుంటే పొయ్యి వెలగదు. కానీ మేస్త్రీ వాళ్లిద్దరినీ చేనుకు ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని పెట్టేవాడు.

మనం చేసే మంచి కూడా జీపులో వెళ్తే ఊళ్లో ఇంకోరకంగా కనబడుతుంది. నేనది మనసులో పెట్టుకున్నాను. అప్పటినుంచి ఏ ఊరికైనా ఆర్టీసీ బస్సులోనే, చీర కట్టుకునే వెళ్లాను. ఎవరింట్లోకీ అడుగుపెట్టలేదు. వీధిలోకి కనబడేలా కూర్చుని, నాలుగిళ్లకు వినబడేలా మాట్లాడాను. "ఏం పిన్నీ, మీవాడి దగ్గర్నుంచి కబురేమన్నా వచ్చిందా?" అని నేను గట్టిగా అడిగితే, "వస్తే నీకు చెబుతానా?" అని ఆమె ఇంకా గట్టిగా అరిచేది. వీధంతా నవ్వేది. అప్పటికి నన్ను స్పెషల్ బ్రాంచికి వేశారు; గుట్టుగా కబుర్లు రాబట్టాల్సిన మనిషి ఇలా దండోరా వేస్తే పనేం జరుగుతుందని పైవాళ్లు ఎగతాళి చేశారు. నాకు సమాచారం తక్కువే వచ్చింది, ఒప్పుకుంటాను. నేను వెళ్లి కూర్చున్న ఏ ఇంటికీ మాత్రం నా వల్ల చావు రాలేదు.

మావాడు కాదు

ఒకసారి రాష్ట్ర సరిహద్దు అవతల ఎదురుకాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లలో ఒకడి పోలికలు దానియేలుతో కలిశాయని, గుర్తుపట్టడానికి మార్తమ్మను తీసుకురమ్మన్నారు. వ్యానులో నేను ఆమె పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రి వెనక షెడ్డులో గుడ్డ తీశారు. ఆమె వంగి, చాలాసేపు చూసింది.

"మావాడు కాదు," అంది.

అక్కడున్న అధికారి, "సరిగ్గా చూడమ్మా, ఇన్నేళ్లయింది, మారి ఉంటాడు," అన్నాడు.

"కన్నదాన్ని నేనా, నువ్వా?"

తర్వాత కొంగు తడిపి ఆ కుర్రాడి బుగ్గ మీద మట్టి తుడిచింది. కనుబొమలు సర్దింది. ఎవరూ అడ్డుచెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో హోటలు దగ్గర వ్యాను ఆపితే ఇడ్లీ తిన్నది, ఇంకో ప్లేటు అడిగి తిన్నది. తిన్నాక భోరుమంది.

"కాదని తెలియంగానే నాకు ఆకలేసింది అమ్మాయ్. ఎట్టాంటి ముండనో చూడు నేను. వాళ్లమ్మ ఎక్కడ కూచుని ఉందో."

ఆ కుర్రాడి తల్లి ఎవరో ఆ రోజు మాకు తెలియదు. మనం పత్రికలకు ఇచ్చే లెక్కలో వాడు ఒకడు. మార్తమ్మ మాత్రం ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చిలో తన కొడుకుతో పాటు వాడి తల్లి కోసం కూడా ప్రార్థన చేయించేది.

స్రవంతి

తల్లుల చేత పత్రికా ప్రకటన ఇప్పించడం మా శాఖలో పాత పద్ధతి. అప్పుడున్న డీఎస్పీ ఒక కాగితం తయారుచేయించాడు. "ప్రియమైన కుమారుడా, హింసామార్గాన్ని విడనాడి, ఆయుధాలతో లొంగిపోయి, జనజీవన స్రవంతిలో కలవవలసిందిగా కోరుతున్నాను." ఇన్నేళ్ల సర్వీసులో ఆ స్రవంతి ఎక్కడ పారుతుందో నేను చూడలేదు. కాగితం చదివి వినిపిస్తే మార్తమ్మ వేలిముద్ర వేయనంది.

"ఇంటికి రమ్మంటా గానీ లొంగమని ఎట్టా అంటానండీ? కొడుకుని ఎవుడన్నా లొంగమంటాడా?"

డీఎస్పీకి కోపమొచ్చింది. నాతో, "నువ్వు నెత్తికెక్కించుకున్నావ్ ఈమెని," అన్నాడు. ఆయన మాట నిజమే.

తర్వాత రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. మార్తమ్మ ఇల్లు, కోటమ్మ ఇల్లు, ఇంకా ఆ వరసలో ఇళ్లన్నీ రోడ్డు కింద పోయాయి. ఊరి అవతల కాలనీలో స్థలాలిచ్చారు. లాటరీ తీస్తే మార్తమ్మ, కోటమ్మ ఎదురెదురుగా పడ్డారు. ఎవరైనా మార్చుకుంటారేమో అని ఇద్దరూ అడిగారట, ఎవరూ ఒప్పుకోలేదు. ముఠాలో చేనుకు చెరో చివర ఉన్నవాళ్లు ఇప్పుడు తలుపు తీస్తే ఒకరి మొహం ఒకరు చూడాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో నేను వెళ్తే మార్తమ్మ ఎన్నడూ లేనిది నన్ను చూసి ఎదురొచ్చింది.

"అమ్మాయ్, వాడికి పాత ఇల్లే గదా తెలుసు. వస్తే ఆడ రోడ్డుంటది. ఎటు పోతాడు?"

"ఎవరినన్నా అడుగుతాడులే పిన్నీ."

"దొంగచాటుగా వచ్చేవోడు ఎవర్ని అడుగుతాడే? మీరు గదా వాణ్ణి ఎతుకుతున్నారు. నాకంటే ముందు మీకే కనపడతాడు. కాల్చకండి. ఇల్లు మారిందని చెప్పండి."

ఈ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఆ తల్లికి కొడుకు దగ్గరికి కబురు మోసేవాళ్లెవరైనా ఉంటే అది మేమే, తుపాకులు పట్టుకుని వాణ్ణి వెతుకుతున్న మేమే. అప్పటికి డీఎస్పీ మారాడు. కొత్తాయన నిదానస్థుడు, వినేవాడు. సార్, ఈసారి ఆమె మాటల్లోనే వేయిద్దాం అన్నాను. ఆమె చెప్పింది, నేను రాశాను, జిల్లా పేజీలో ఒక మూల వచ్చింది. "ఒరే దానీ, మనిల్లు మారింది. పాత చోట రోడ్డు పడింది. ఊరవతల కాలనీలో నీళ్ల ట్యాంకు దాటాక, నాగయ్య మావ వాళ్ల ఎదురిల్లు. వచ్చెయ్ నాన్నా. అమ్మ."

ఎవరైనా ఇల్లు ఎక్కడంటే మనవైపు మనుషుల పేర్లు చెబుతాం. చనిపోయి ఎన్నేళ్లయినా ఆ ఇల్లు ఆ మనిషి పేరు మీదే ఉంటుంది. మార్తమ్మ నోటికి వచ్చింది వచ్చినట్టు చెప్పింది. ఆ పేరు దగ్గర నా కలం ఒక్క క్షణం ఆగింది. కానీ ఆమె మాటల్లోనే వేయిద్దాం అన్నది నేనే కాబట్టి అలాగే ఉంచాను. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పేపరు వచ్చిన రోజు కోటమ్మ తన గుమ్మంలో నిలబడి, ఎవరినీ చూడకుండా, "చచ్చినోడి పేరు అడ్రెస్సుకు పనికొచ్చిందన్నమాట," అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

చూడని మనిషి మీద బెంగ

దానియేలు రాలేదు. పండగలు వచ్చాయి, వెళ్లాయి. పెద్దకొడుకుకి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలు కాలేజీకి వెళ్లారు. మార్తమ్మకు కళ్లు మసకేశాయి. నేను మాత్రం నందిగామలో ఉన్నా, ఇంకోచోటికి వేసినా, ఆ ఊరికి వెళ్లడం మానలేదు. ఇందులో ఉద్యోగం ఎంత, నా సొంతం ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఆమె చెప్పగా చెప్పగా నాకు దానియేలు తెలిసిపోయాడు. చారు పోసుకుంటే గిన్నె ఎత్తి తాగుతాడు. నవ్వు ఆపుకోవాలంటే ముక్కు పట్టుకుంటాడు. వానొస్తే అరుగు మీదే పడుకుంటాడు. మా దగ్గర ఉన్న ఫొటో కాలేజీ గ్రూపు ఫొటోలోంచి పెద్దది చేసింది, అందులో మొహం కంటే చుక్కలే ఎక్కువ. అయినా బస్సులో ఎవరైనా ఆ వయసు మనిషి ముక్కు పట్టుకుని నవ్వితే సీట్లోంచి లేచి చూసేదాన్ని. నేను వెతకాల్సిన మనిషి మీద నేనే బెంగపెట్టుకున్నాను. దొరకాలని కాదు, రావాలని. మా వృత్తిలో ఇది ఒప్పుకోదగ్గ విషయం కాదని తెలుసు. కానీ ఎదురుచూసే తల్లి పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నాక ఎదురుచూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. రిటైరైన రోజు దండలు వేస్తుంటే ఒకటే ఆలోచన, ఇంక నేను లేనప్పుడు వస్తాడేమో అని.

కోటమ్మ గుమ్మం వైపు కూడా నేను చూసేదాన్ని. ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఉన్నంతసేపూ తలుపు ఓరగా ఉండేది.

ఎదురిల్లు

ఈమధ్య అడవుల్లోంచి గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారని మీరు వింటూనే ఉన్నారు. పక్క రాష్ట్రంలో అలా వచ్చినవాళ్లలో దానియేలు ఉన్నాడు. కొన్ని నెలల తర్వాత ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు చిల్లకల్లు స్టేషన్లో పనిచేస్తున్న ఎస్ఐ చిన్నపిల్ల, నాకు ఫోను చేసింది. "మేడమ్, రేపు ఆయన్ని తీసుకొస్తున్నామండి. పెద్దావిడ మీరు రావాలంటున్నారు."

పొద్దున్నే బస్సెక్కాను. కాలనీ అంతా మిరపకాయల ఘాటు, ఎక్కడ చూసినా తొడిమలు తీసే పనే. మార్తమ్మ ఇంటి ముందు జనం, ఫోన్లు పట్టుకుని కుర్రాళ్లు, బైబిలు పట్టుకుని పాస్టరుగారు. కారు ఆగింది. యాభై దాటిన మనిషి దిగాడు, జుట్టు సగం తెల్లబడింది, ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఇన్నేళ్లూ నేను తలుచుకున్న కుర్రాడు ఇతనిలో ఎక్కడా లేడు. నాకు ఏడుపొచ్చింది, అది సంతోషమని మాత్రం చెప్పలేను.

మార్తమ్మ రెండు చేతులతో అతని మొహం తడిమింది, చెవులు, గడ్డం, మెడ. "ఒరే దానీ," అంది. "రా, లోపలికి రా."

అతను కదల్లేదు. రెండు గుమ్మాల మధ్య వీధిలో నిలబడిపోయాడు.

"అమ్మా, నువ్వు పేపర్లో వేయించింది చదివా. అప్పుడే వద్దామనుకున్నా. ఎదురిల్లు ఎవరిదో చదివి ఆగిపోయా."

"ఏంటిరా నువ్వనేది?"

"దళంలో మావయ్య పేరు వచ్చినరోజు నేను ఆడే ఉన్నా. చంపేటప్పుడు లేను. పేరు చెప్పినప్పుడు ఉన్నా. ఆయన అట్టాంటోడు కాదని ఒక్కమాట అంటే సరిపోయేది. అనలా."

మార్తమ్మ చేతులు కిందికి జారాయి. పాస్టరుగారు బైబిలు తెరవబోయి ఆగాడు. ఆమె ఆ మసక కళ్లతోనే కొడుకు వైపు చూసి, చూసి, అతని మణికట్టు పట్టుకుంది.

"పద," అంది. తన గుమ్మం వైపు కాదు.

కోటమ్మ ముంగిట్లో పట్టా పరుచుకుని తొడిమలు తీస్తోంది. వాళ్లు వచ్చి నిలబడినా చెయ్యి ఆపలేదు. దానియేలు కింద కూర్చున్నాడు. తల్లికి చెప్పిందే మళ్లీ చెప్పాడు, మధ్యలో ఆగి, మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు.

"మీ అమ్మ పొద్దుట్నుంచీ ఏం తినలేదు," అంది కోటమ్మ, తలెత్తకుండా. "తీసుకెళ్లి పెట్టు."

అతను లేవలేదు. అప్పుడు ఆమె చేతిలో కాయ కింద పడేసి అతని మొహంలోకి చూసింది.

"రోజూ మీ అమ్మ ఆ గుమ్మంలో కూచుని రోడ్డు వంక చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేదిరా. అదంటే కోపం కాదు. దానికి చూసుకోటానికి ఒక దారుంది. నేనెటు చూడాలి? చెప్పు, నేనెటు చూడాలి?"

మార్తమ్మ తడుముకుంటూ వచ్చి ఆ పట్టా మీద కోటమ్మ పక్కన కూలబడింది.